కొడాక్ దగ్గర పేటెంట్ ఉండి కూడా ఎందుకు మునిగింది? వైఫై పేటెంట్ డబ్బు ఎవరికి వెళ్లింది? మా ప్రాజెక్టుకు పేటెంట్ వస్తుందా?

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు. డిజిటల్ కెమెరా పేటెంట్ ఫోటో ఫిల్ము కంపెనీ కొడాక్ చేతిలోనే ఉంటే ఆ కంపెనీ దివాలా ఎందుకు తీసింది? ఇంటింటా వైఫై ఉంది కదా, దాని పేటెంట్ డబ్బులు ఎవరు తీసుకున్నారు? భీమవరం దగ్గర రొయ్యల చెరువుల్లో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) కొలిచి, తక్కువ కరెంటుతో చాలా దూరం పంపే లోరా రేడియో మీద రైతు ఫోనుకు పంపే మీ ఈసీఈ ఫైనలియర్ ప్రాజెక్టుకు పేటెంట్ వస్తుందా? నీకు కావాల్సింది మూడోదే, తెలుసు. కానీ మొదటి రెండూ వదిలేసి దానికొక్కదానికే జవాబు చెబితే నీకు ఫారం నంబర్లు తప్ప ఏమీ మిగలవు. కొంచెం ఓపిగ్గా చదువు.

నా సంగతి రెండు ముక్కల్లో. మా నాన్నకు తెనాలిలో ఫోటో స్టూడియో ఉండేది. ఎర్ర బల్బు వెలుగులో బ్రోమైడ్ పేపరును డెవలపర్ ట్రేలో వేసి పట్టకారుతో కదుపుతుంటే, తెల్ల కాగితం మీద ముందు జుట్టు తేలేది, తర్వాత కళ్లు, చిట్టచివర చొక్కా మడతలు. వెంటనే తీసి హైపోలో వేయకపోతే నల్లబడిపోయేది, వీపు మీద ఒకటి పడేది. ఆ పేపరు డబ్బా మీద 'ఇందు' అని ఉండేది. 1960లో ఊటీలో పెట్టిన ప్రభుత్వ కంపెనీ హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ సరుకు అది. నేను మాత్రం మోడెమ్‌లకు ఫర్మ్‌వేర్ రాసే ఉద్యోగంలో చేరి, తర్వాత పేటెంట్ ఏజెంట్ పరీక్ష పాసై, 20 ఏళ్లుగా క్లెయిములు, అంటే పేటెంట్ హక్కుకు హద్దులు గీసే వాక్యాలు, రాసుకుంటూ బతుకుతున్నాను. అందుకే నీ ప్రశ్నలో ఫిల్మూ రేడియో పక్కపక్కనే కనబడేసరికి ఊరుకోలేకపోయాను.

అసలు విషయం ఇది. పేటెంట్ అనే కాగితం ఒకటే అయినా, ఫిల్ములో అది చేను చుట్టూ వేసిన కంచె, వైర్‌లెస్‌లో అది రోడ్డు మీద టోల్‌గేటు. కంచె వేసినవాడు పక్కవాడు లోపలికి రాకూడదని కోరుకుంటాడు. టోల్‌గేటు పెట్టినవాడు ఊరందరూ అదే రోడ్డున రావాలని కోరుకుంటాడు.

ఫిల్ము సంగతి చూడు. సెల్యులాయిడో ప్లాస్టికో ఒక పట్టీ, దాని మీద జెలటిన్ పూత, ఆ పూతలో కంటికి ఆనని సిల్వర్ బ్రోమైడ్ పలుకులు. జెలటిన్ పశువుల ఎముకల నుంచి, తోళ్ల నుంచి తీస్తారు. ఒక బ్యాచి జెలటిన్‌తో చేసిన ఫిల్ము చురుగ్గా వెలుతురును పట్టేది, ఇంకో బ్యాచిది మొద్దుగా ఉండేది. కారణం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1920లలో కొడాక్ పరిశోధనశాలలో శామ్యూల్ షెపర్డ్ దాన్ని పట్టుకున్నాడు. జెలటిన్‌లో లేశమాత్రంగా ఉండే గంధకం సమ్మేళనాలదే ఆ మహిమ. ఆవాలకు ఘాటునిచ్చే పదార్థం కూడా ఆ జాతిదే. పశువు మేతలో ఆవమొక్కలుంటే ఆ గంధకం జెలటిన్ దాకా చేరేదన్నమాట. షెపర్డ్ అక్కడితో ఆగలేదు. ఆ సమ్మేళనాలను కొలత ప్రకారం మనమే కలుపుకునే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆవు ఏం మేసిందన్న బెంగ తీరిపోయింది.

ఇప్పుడు పోటీ కంపెనీవాడివి నువ్వే అనుకో. ఆ ఫిల్ము బజార్లో కొని, అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఎన్ని పొరలున్నాయో తెలుస్తుంది. రంగునిచ్చే అణువు ఏదో ల్యాబులో తేలుతుంది. కానీ ఆ పలుకులు పెరిగేటప్పుడు ఎంత వేడి పెట్టారు, ఎంతసేపు ఉంచారు, వెండి ద్రావణాన్ని ఏ వేగంతో పోశారు, ఇవి మాత్రం తెలియవు. ఆవకాయ రుచి చూసి అందులో ఏమేం పడ్డాయో చెప్పగలం గానీ, మా అమ్మమ్మ ఏ పాళ్లలో కలిపిందో, ఎన్నోరోజున తిరగేసిందో చెప్పలేం కదా. అందుకే ఫిల్ము కంపెనీలు బయటికి తేలిపోయే అణువుకు పేటెంట్ తీసుకుని, బయటికి తేలని వంటను గుట్టుగా ఉంచుకున్నాయి. కంచె ఒకటి, తాళం ఒకటి.

ఆ కంచె ఎంత గట్టిదో పోలరాయిడ్ కేసు చెబుతుంది. 1943లో అమెరికాలోని శాంటా ఫేలో పోలరాయిడ్ కంపెనీ పెట్టిన ఎడ్విన్ లాండ్ తన మూడేళ్ల కూతురికి ఫోటో తీస్తే, ఇప్పుడే ఎందుకు చూడకూడదని ఆ పిల్ల అడిగింది. 1948 నవంబరులో బోస్టన్‌లో అక్కడికక్కడే ఫోటో చేతికిచ్చే ఆయన కెమెరా అమ్మకానికొచ్చింది. కానీ అసలైన మాయ 1972 నాటి ఎస్ఎక్స్-70ది. కెమెరాలోంచి ఫోటో బయటికొస్తూ రెండు రోలర్ల మధ్య నలుగుతుంది. అంచున ఉన్న చిన్న సంచీ పగిలి, అందులోని క్షారం ముద్ద పొరల మధ్య పరుచుకుంటుంది. బయటేమో ఎండ. డార్క్‌రూమ్ లేకుండా ఎండలో ఫిల్ము తీస్తే ఏమవుతుంది? తెల్లగా పాడైపోవాలి. అలా కాకుండా ఆ ముద్దలోనే ఒక రంగు కలిపారు. క్షారం ఎక్కువగా ఉన్నంతసేపు అది చిక్కటి తెరలా వెలుతురును ఆపుతుంది, లోపల ఆమ్లం పొర పనిచేసి క్షారం తగ్గేకొద్దీ ఆ తెర రంగు పోయి కరిగిపోతుంది. మా నాన్న గదికి వేసుకున్న నల్ల గుడ్డను లాండ్ సీసాలో పోశాడన్నమాట. ఇన్నేళ్లలో నేను చదివిన పేటెంట్లలో నన్ను ఇంతగా ముచ్చట పెట్టింది ఇంకోటి లేదు.

అంతకుముందు పోలరాయిడ్‌కు కలర్ నెగటివ్ తయారుచేసి ఇచ్చింది కొడాకే. ఆ కొడాక్ 1976 ఏప్రిల్‌లో సొంత ఇన్‌స్టంట్ కెమెరా దింపింది. వారం తిరక్కుండా పోలరాయిడ్ కోర్టుకెక్కింది. 1985లో తీర్పు వచ్చింది. ఏడు పేటెంట్లు చెల్లుతాయి, కొడాక్ వాటిని అతిక్రమించింది అని. 1986 జనవరిలో కొడాక్ ఆ వ్యాపారమే మూసుకుంది. కోటీ అరవై లక్షల పైచిలుకు కెమెరాలు జనం ఇళ్లల్లో ఉన్నాయి, వాటికి ఇక రీలు దొరకదు. చివరికి 1991లో కొడాక్ కట్టిన మొత్తం 92.5 కోట్ల డాలర్లు. ఒక్క మాట గమనించు. పోలరాయిడ్ ఆ కేసు వేసింది కమీషన్ కోసం కాదు, కొడాక్‌ను పొలంలోంచి వెళ్లగొట్టడానికి. వెళ్లగొట్టింది కూడా. 2001లో తనే దివాలా తీసింది, అది వేరే సంగతి. చేను ఎండిపోయాక కంచె ఉండి ఏం చేస్తుంది.

కంచె విషయంలో కొడాక్‌కు అది మొదటి దెబ్బ కూడా కాదు. న్యూజెర్సీలో హానిబల్ గుడ్విన్ అనే మతగురువు సెల్యులాయిడ్ ఫిల్ముకు 1887లో దరఖాస్తు పెట్టాడు. పేటెంట్ చేతికొచ్చింది 1898లో. ఈలోగా కొడాక్ రసాయనవేత్త రైకెన్‌బాక్ 1889లో దరఖాస్తు పెట్టి అదే ఏడాది పట్టేశాడు. గుడ్విన్ 1900లోనే పోయాడు. ఆయన హక్కులు కొన్నవాళ్లు కేసు గెలిస్తే, 1914లో కొడాక్ 50 లక్షల డాలర్లు కట్టింది.

ఇక నీ మొదటి ప్రశ్న. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ డిజిటల్ కెమెరా చేశాడు. సుమారు మూడున్నర కిలోల బరువు, 100 గడులు అడ్డం 100 గడులు నిలువు, అంటే పది వేల చుక్కల బొమ్మ. దాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు. 'కొడాక్ దాన్ని తొక్కిపెట్టింది' అని వాట్సాప్‌లో తిరిగే కథ నువ్వూ చదివే ఉంటావు. నువ్వు ఆ కథ కాకుండా పేటెంట్ చదువు. అమెరికా నంబరు 4,131,919, గ్యారెత్ లాయిడ్, శాసన్ ఇద్దరి పేర్ల మీద, 1978 డిసెంబరులో ఇచ్చారు. అందులో కెమెరా గొప్పతనం కంటే టేపు గొడవే ఎక్కువ. బొమ్మ క్షణంలో వస్తుంది, మామూలు ఆడియో టేపు నెమ్మదిగా తిరుగుతుంది. అందుకని మధ్యలో ఒక మెమరీ పెట్టి, గబుక్కున నింపి, తీరిగ్గా టేపుకు వదలడం. చెరువులోకి మోటారుతో నీళ్లు నింపి చిన్న తూము గుండా వదిలినట్టు.

ఇప్పుడు లెక్క కట్టు. ఆ రోజుల్లో అమెరికా పేటెంట్ గడువు మంజూరైన రోజు నుంచి 17 ఏళ్లు. 1978కి 17 కలిపితే 1995. ఆ ఏడాది మారిన నియమంతో 1977 నాటి దరఖాస్తు నుంచి 20 ఏళ్లు లెక్కేసినా 1997. జనం డిజిటల్ కెమెరాలు విరగబడి కొన్నది ఆ తర్వాత. టోల్‌గేటు కట్టారు, రోడ్డు మీదికి బళ్లొచ్చే సరికి గేటు గడువు తీరిపోయింది. కొడాక్ నిజంగా డబ్బు పిండింది తర్వాతి పేటెంట్ల మీద. తెర మీద కదిలే బొమ్మ చూస్తూ ఫోటో నొక్కే పద్ధతి మీద 2001లో వచ్చిన ఒక పేటెంట్ ఉంది, దాన్ని పట్టుకుని శాంసంగ్ దగ్గర 55 కోట్లు, ఎల్జీ దగ్గర 41.4 కోట్ల డాలర్లు రాబట్టింది. అదే పేటెంట్ పట్టుకుని యాపిల్ మీదికి వెళితే, 2012లో ఆ క్లెయిము చెల్లదని తేల్చారు. ఆ ఏడాది జనవరిలోనే కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. తన డిజిటల్ పేటెంట్లకు 200 కోట్ల డాలర్ల పైనే వస్తుందని ఆశపడితే చివరికి చేతికొచ్చింది 52.5 కోట్లు. అంటే పేటెంట్ లేక మునగలేదు. ప్రతి రీలు మీదా, ప్రతి ప్రింటు మీదా వచ్చే రోజువారీ ఆదాయం పోతే, దాన్ని పేటెంట్ అద్దె పూడ్చలేదు. మా నాన్న స్టూడియో కూడా అదే కారణానికి మూతపడింది, ఆయన దగ్గర పేటెంట్లేమీ లేవు.

వైర్‌లెస్‌కు వద్దాం. ఇక్కడ గుట్టు అనేదే కుదరదు. నీ ఫోనూ నా రౌటరూ వేర్వేరు కంపెనీలవి, అయినా ఒకే భాష మాట్లాడాలి. ఆ భాష వ్యాకరణాన్ని ఐఈఈఈ లాంటి సంస్థ పుస్తకంగా అచ్చేసి పెడుతుంది. ఆవకాయ కొలతలు గోడ మీద రాసి పెట్టినట్టే. కాబట్టి మిగిలేది పేటెంట్ ఒక్కటే.

వైఫైలో పెద్ద టోల్ వసూలు చేసింది ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ. సమస్య ఇలా ఉండేది. బావిలోకి తల వంచి మాట్లాడితే నీ మాట నీకే నాలుగుసార్లు వినిపిస్తుంది. గబగబా మాట్లాడితే ముందు మాట ప్రతిధ్వని తర్వాత మాట మీద పడి ఏమీ అర్థం కాదు. గదిలో రేడియో అంతే. సెకనుకు 10 కోట్ల బిట్లు వరసగా పంపితే ఒక్కో బిట్ ఉండేది 10 నానోసెకన్లు. ఆ కాస్త సమయంలో రేడియో తరంగం వెళ్లేది 3 మీటర్లు. మూడు మీటర్ల అవతలి గోడను తాకి తిరిగొచ్చిన ప్రతిధ్వని 20 నానోసెకన్లు ఆలస్యం, అంటే రెండు బిట్ల వెనక. మొత్తం కలగాపులగం. జాన్ ఒసల్లివన్, ఆయన నలుగురు సహచరులు పట్టిన దారి ఏమిటంటే, ఒక్కడు గబగబా చదివే బదులు పక్కపక్కనే యాభై మంది నెమ్మదిగా చదవడం. డేటాను చాలా సన్నని పాయలుగా చీల్చి ఒకేసారి పంపితే ఒక్కో పాయలో చిహ్నం (ఒక విడతలో పంపే సంకేతపు ముక్క) పొడుగ్గా ఉంటుంది, ప్రతిధ్వని అందులోనే సర్దుకుపోతుంది. దానికి తోడు తప్పులు దిద్దుకునే సంకేతాలు కలిపి, బిట్లను చెదరగొట్టి వేర్వేరు పాయల్లో పెట్టారు. ఒక పాయ చెడినా అర్థం పోదు. 1999 నాటి 802.11ఎ అనే వైఫై ప్రమాణంలో ఇలాంటి పాయలు 52, ఒక్కో చిహ్నం 4 మైక్రోసెకన్లు. తరంగం 1,200 మీటర్లు వెళ్లేంత సమయం అది. ఏ హాలు గోడ ప్రతిధ్వని అయినా అందులో ఓ మూలన పడి ఉంటుంది.

పాయల పద్ధతి విడిగా అంతకుముందే ఉంది, తప్పుల దిద్దుబాటూ ఉంది. గోడల మధ్య ప్రతిధ్వనులను గెలవడానికి వీటిని కలిపిన తీరు వాళ్లది. ఈ ఒసల్లివన్ అసలు రేడియో ఖగోళశాస్త్రవేత్త. 1970లలో పేలిపోయే చిన్న కృష్ణబిలాల సంకేతాల కోసం వెతికాడు, దొరకలేదు. చెదిరిన సంకేతాన్ని గణితంతో శుభ్రం చేసే అలవాటు మాత్రం మిగిలింది.

పేటెంట్ నంబరు 5,487,069, 1996 జనవరిలో వచ్చింది. దాని సారాంశంలో '10 గిగాహెర్ట్జ్ పైన' అని ఉంటుంది. వైఫై నడిచేది 2.4, 5 గిగాహెర్ట్జ్‌లలో. ఆ 10 అనే అంకె అన్ని క్లెయిముల్లోనూ ఉండిపోయి ఉంటే వాళ్లకు పైసా రాలేదు. పరిశీలన దశలో కొన్ని క్లెయిముల్లోంచి దాన్ని తీసేశారు. కోర్టులో ప్రత్యర్థులు దాన్నే పట్టుకుని 'మీరు కనిపెట్టింది 10 పైన, ఇప్పుడు కిందికి దిగుతారేం' అని వాదించారు, నెగ్గలేదు. 2009లో 14 కంపెనీలు రాజీకొచ్చి 20 కోట్ల పైచిలుకు ఆస్ట్రేలియా డాలర్లు కట్టాయి. 2012లో మరో 22 కోట్లు. మొత్తం 43 కోట్లు దాటింది. 2007లో బఫెలో అనే కంపెనీ అమ్మకాలను కోర్టు ద్వారా ఆపించింది గానీ, దాని అసలు లక్ష్యం ఆపడం కాదు చూడు, కట్టించుకోవడం. 2013తో ఆ పేటెంట్ గడువు తీరింది. ఇప్పుడు నీ రౌటరు ఆ గేటు దగ్గర ఆగనక్కర్లేదు.

వైఫైని హాలీవుడ్ నటి హెడీ లమార్ కనిపెట్టిందని ఇక్కడే ఇంకెవరో రాశారు. ఆమె, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ 1942లో పొందిన పేటెంట్ 88 ఫ్రీక్వెన్సీల మధ్య గెంతుతూ టార్పెడోను నడిపించే రహస్య పద్ధతి. అలా గెంతడం బ్లూటూత్‌లో ఉంది. నీ రౌటరు చేసేది గెంతడం కాదు, పాయలుగా చీల్చడం. ఆమె గొప్పతనానికి ఈ అబద్ధం అవసరం లేదు.

రేడియో, వెలుతురు రెండూ కలిసిన పేటెంట్ మనవాడిదే ఒకటుంది. జగదీశ్ చంద్ర బోస్ 1901లో దరఖాస్తు పెడితే 1904లో అమెరికా ఇచ్చింది, నంబరు 755,840. గెలీనా స్ఫటికంతో రేడియో తరంగాన్ని పట్టే సాధనం. అదే స్ఫటికం వెలుతురుకూ స్పందిస్తుందని ఆయన గమనించాడు. పేటెంట్ అంటేనే ఆయనకు గిట్టదు, స్నేహితురాలు సారా బుల్ బలవంతం మీద తీసుకున్నాడు. దాని మీద డబ్బు చేసుకోలేదు.

ఇప్పుడు మీ చెరువు. లోరా మాడ్యులేషన్ మీ ఆవిష్కరణ కాదు, సెమ్‌టెక్ వాళ్లది. మీరు కొన్న చిప్ ధరలోనే ఆ టోల్ కట్టేశారు. కాబట్టి 'లోరాతో డీఓ పంపే పరికరం' అని దరఖాస్తు పెడితే మొదటి పరిశీలన నివేదికలోనే తిరుగు టపా. తెల్లవారుజామున డీఓ పడిపోతుంది కాబట్టి అప్పుడు ఎక్కువసార్లు పంపుతున్నామన్నావు. మంచిదే గానీ, అవసరాన్ని బట్టి రీడింగ్ వేగం మార్చడం పాత సంగతి. యాప్, అల్గారిదం అంటూ రాస్తే, వట్టి ప్రోగ్రాములకు, అల్గారిదాలకు పేటెంట్ ఇవ్వని మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) కింద పోతుంది.

అయితే నువ్వు మధ్యలో ఒక వాక్యం రాసి వదిలేశావు: 'ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) ఆన్ అయిన పది నిమిషాల్లో రీడింగ్ పెరగకపోతే ప్రోబ్‌కు (డీఓ కొలిచే కడ్డీకి) పాచి పట్టిందని మెసేజ్ పోతుంది.' నాకు అక్కడ చెయ్యి ఆగింది. అంటే ఏరేటర్‌నే పరీక్ష సాధనంగా వాడి, ప్రోబ్ నిజం చెబుతోందో లేదో మనిషి దిగకుండా తేలుస్తున్నారు. రోజూ చెరువులోకి దిగి ప్రోబ్ తుడిచే కుర్రాడి పని తప్పుతోంది. ఇది వట్టి లెక్క కాదు, మోటారు, నీరు, ప్రోబ్, రేడియో కలిసి ఇచ్చే సాంకేతిక ఫలితం. ముందే ఎవరైనా చేశారేమో గూగుల్ పేటెంట్స్‌లో, మన పేటెంట్ ఆఫీసు సైట్‌లో రెండు రోజులు కూర్చుని వెతుకు. దొరక్కపోతే దీని చుట్టూ రాయొచ్చు.

నెలాఖరున టెక్‌ఫెస్ట్ ఉందన్నావు. దానికి ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడి పరికరం వీడియోను వాళ్ల కాలేజీ వాళ్లే ముచ్చటపడి యూట్యూబ్‌లో పెట్టారు, మేం ఫైల్ చేసింది ఐదు నెలల తర్వాత. ఆ వీడియోనే మాకు ఎదురు సాక్ష్యమైంది. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది, మన దగ్గర అలాంటి వెసులుబాటు దాదాపు లేనట్టే లెక్క. వ్యక్తిగా వేస్తే ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు, ఆంధ్ర, తెలంగాణలకు చెన్నై ఆఫీసు. ప్రొవిజనల్‌లో క్లెయిములు అక్కర్లేదు, 12 నెలల్లో పూర్తిది ఇవ్వాలి. దరఖాస్తును పరిశీలించమని ఫారం 18 విడిగా వేయాలి, మర్చిపోతే దరఖాస్తు చచ్చిపోతుంది. మీ కాలేజీ నియమాల ప్రకారం హక్కుదారు ఎవరో ముందే కనుక్కోండి. గైడ్ గారు ఆలోచనలో పాలు పంచుకుంటేనే ఆవిష్కర్తగా పేరు, గౌరవం కోసం పెట్టకూడదు.

ఇంకోటి. ఫారం 9 వేసి తొందరగా ప్రచురించి 'పేటెంట్ పబ్లిష్ అయింది' అని ఫ్లెక్సీ కట్టే ఆచారం మన కాలేజీల్లో ఉంది. పబ్లిష్ అవడమంటే దరఖాస్తును ఊరందరికీ చూపించడం, అంతే. హక్కు వచ్చేది గ్రాంట్ అయితేనే.

చివరగా నా తప్పొకటి చెబుతాను. తొలి రోజుల్లో ఒక వైర్‌లెస్ మీటరుకు క్లెయిము రాస్తూ '433 మెగాహెర్ట్జ్' అని పెట్టేశాను, నమూనాలో ఆ రేడియోనే ఉంది మరి. రెండేళ్లకు పోటీవాడు అదే మీటరును 865లో దింపాడు. మా క్లెయిము బయట హాయిగా నిలబడి అమ్ముకున్నాడు. సీఎస్ఐఆర్ఓ తీసేసిన అంకెను నేను చేజేతులా పెట్టాను. మీ వివరణలో లోరా, 865, పది నిమిషాలు, అన్నీ ఉదాహరణలుగా ఎన్నైనా రాయండి. మొదటి క్లెయిములో మాత్రం 'వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్', 'ముందుగా నిర్ణయించిన వ్యవధి' అని ఆపండి. రాశాక ఎవరికైనా చూపించాలనిపిస్తే ఇక్కడ అందరి ముందూ పోస్ట్ చేయకుండా, ముందు ఫైల్ చేసి ఆ నంబరు వచ్చాక చెప్పు.